ఒకటో వెండర్ నాచు, రెండో వెండర్ ఉడుత

బెంచి మీద ఉన్న మనిషికి పని చెప్పడమంటే మా ఆఫీసులో అందరికీ సరదా. బెంచి అంటే నిజంగా బెంచీ ఏమీ ఉండదు. ఒక ప్రాజెక్టు అయిపోయి ఇంకోటి దొరకని ఉద్యోగి, జీతం తీసుకుంటూ ఖాళీగా గడిపే కాలానికి ఆ పేరు. అలా ఖాళీగా కూర్చోబెట్టడం కంపెనీకి ఎంత బాధో, ఆ బాధ మర్చిపోవడానికి వాళ్ళు కనిపెట్టే పనులు మాకు అంత బాధ. ఆ రెండు నెలల్లో నేను ముగ్గుల పోటీకి మార్కులు వేశాను. మూడో అంతస్తులో ఎన్ని కుర్చీలకు చేతులు విరిగాయో లెక్క రాశాను. ఫైర్ డ్రిల్‌లో గాయపడ్డవాడిగా రెండుసార్లు నటించాను. రెండోసారి నటన సహజంగా లేదని ఫీడ్‌బ్యాక్ వచ్చింది. ఇన్ని చేసినా, ఒక నాచునూ ఒక ఉడుతనూ పక్కపక్కన పెట్టి ఏది మెరుగో తేల్చమంటారని మాత్రం అనుకోలేదు.

నానక్‌రామ్‌గూడలో ఉన్న అద్దాల టవర్లలో మాదీ ఒకటి. దాని వెనక ఒక సందు ఉంది. సందుకు ఒక పక్క పాత రాతి ప్రహరీ, ఇంకో పక్క ఒక కానుగ చెట్టు. రెండో అంతస్తు ఏసీల నీళ్ళు ఒక గొట్టంలోంచి ఆ ప్రహరీ మీదికి కారుతుంటాయి కాబట్టి, ఏప్రిల్ ఎండకు ఊరంతా కాలిపోతున్నా ఆ గోడ మాత్రం పచ్చగా, మెత్తగా నాచు పట్టి ఉండేది. కానుగ కొమ్మల చీలికలో ఉడుత గూడు ఉండేది. అవి రెండూ ఒకదాని జోలికి ఒకటి పోకుండా కాపురం చేసుకుంటున్నాయి. మధ్యలోకి మా షటిల్ బస్సు వచ్చింది.

రాయదుర్గం మెట్రో నుంచి మమ్మల్ని మోసుకొచ్చే ఆ బస్సు ఆ సందులో తిరగలేకపోతోంది. డ్రైవరు రోజూ ఏడుసార్లు ముందుకీ వెనక్కీ లాగి, ఎనిమిదోసారి స్టీరింగ్ మీద చేతులు పెట్టి ఆకాశం వైపు చూసేవాడు. సందు వెడల్పు చేయాలి. చేయాలంటే గోడన్నా పోవాలి, చెట్టన్నా పోవాలి. ఏది పోవాలో చెప్పాల్సింది అడ్మిన్ హెడ్. ఆయన హైదరాబాదులోనే పుట్టి పెరిగిన మనిషి, మంచివాడు, ఎవరు కనపడినా చాయ్ తాగించేవాడు. నిర్ణయాలంటే ఆయనకు భయం లేదు. తన పేరు మీద ఉండే నిర్ణయాలంటేనే భయం.

అదే సమయంలో భవనానికి గ్రీన్ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు తనిఖీకి వస్తామన్నారు. వాళ్ళ ఫారంలో ఒక గడి ఉంది: ఈ ప్రాంగణంలో మీరు కాపాడుతున్న ప్రత్యేక జీవి ఏది, ఒక్కటే రాయండి. అడ్మిన్ హెడ్‌కు దారి దొరికింది. ఆ గడిలో ఏ పేరు రాస్తే దాని చోటు ఉంటుంది, రెండోదాని చోటు పోతుంది. నాచు రాస్తే గోడ ఉంటుంది, చెట్టు కొట్టేస్తారు. ఉడుత రాస్తే చెట్టు ఉంటుంది, గోడ కూల్చేస్తారు. ఏది రాయాలో ఒక పోలిక పత్రం చెప్పాలి. పత్రం రాయడానికి బెంచి మీద నేనున్నాను.

మా లీడ్ భీమవరం వైపు ఆవిడ. ఎవరినీ ఏకవచనంతో పిలవదు. ఒకసారి ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే "రండి, రండి" అని దాన్ని బతిమాలడం నేను విన్నాను.

"మనం ఫెయిర్‌గా ఉండాలండి," అంది. "రెండిటికీ ఒకటే కొలత. వెండర్ కంపారిజన్ టెంప్లేట్ వాడేయండి."

"అది సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలను పోల్చే షీట్ కదండీ."

"పోలిక పోలికేనండి. దేన్ని దేంతో అన్నది కంటెంటు. మనం ప్రాసెస్ మనుషులం."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. అప్పుడే జాగ్రత్త పడి ఉండాల్సింది.

ఆ టెంప్లేట్ ఎప్పుడో ఎవరో చేసి, తాళం వేసి, ఉద్యోగం మానేసి వెళ్ళిపోయారు. గడులు నింపగలం, గడులు మార్చలేం. మొదటి గడి: వెండర్ పూర్తి చట్టబద్ధ నామం. ఫోన్‌లో ఒక యాప్ పెట్టి సందులోకి వెళ్ళాను. ఉడుతను చూపించగానే మూడు చారల ఉడుత, ఫునాంబ్యులస్ పాల్మారమ్ అని క్షణంలో చెప్పింది. ఆ మొదటి మాటకు తాడు మీద నడిచేవాడు అని అర్థమట. ఉడుత ఆ సమయానికి మా ఇంటర్నెట్ కేబుల్ మీద నడుస్తోంది కాబట్టి ఒప్పుకున్నాను. నాచు విషయంలో యాప్ నాలుగు పేర్లు చూపించి నన్నే ఎంచుకోమంది. బొమ్మ కాస్త మా గోడలా ఉన్నది చూసి హయోఫిలా ఇన్వల్యూటా అని రాసుకున్నాను. మన పాత గోడల మీద సాధారణంగా కనిపించే నాచే అది.

నేను గోడకు ముఖం ఆనించి ఫోటో తీస్తుంటే వెనకనుంచి గొంతు వినిపించింది.

"గోడకు ఏం జెప్తున్నవ్ సారూ?"

తోటపని చేసే ఆవిడ. యాభై ఏళ్ళుంటాయి. ఈ టవర్లు రాకముందు నుంచీ నానక్‌రామ్‌గూడ ఊళ్ళోనే ఉన్న మనిషి. కానుగ చెట్టు కింద ఆవిడా, హౌస్‌కీపింగ్ చేసే మరో ఐదుగురు ఆడవాళ్ళూ టిఫిన్ డబ్బాలు విప్పుకుని కూర్చున్నారు. ఉడుత వాళ్ళకు రెండడుగుల దూరంలో నిలబడి, రాలిన మెతుకు కోసం, చాలాకాలంగా పరిచయం ఉన్నవాళ్ళ ఇంటికి భోజనానికి వచ్చినంత ధీమాగా చూస్తోంది.

"నాచు ఫోటో తీస్తున్నానమ్మా."

"ఏది, పాకురా? దానికేం ఫోటో. పాకురు ఫోటో తీస్తున్నడటనే," అని మిగతావాళ్ళకు చెప్పింది. వాళ్ళు తినడం ఆపి నన్ను చూశారు. ఆఫీసులో నేను ఎన్ని జోకులు వేసినా అంతమంది ఒక్కసారి నవ్విన గుర్తు లేదు.

విషయం చెప్పాను. గోడా చెట్టూ, రెండిట్లో ఒకటి. ఆవిడ చేతిలో ముద్ద అలాగే ఉంది.

"చెట్టు గిట్ల పోతే మేము యాడ తినాలె?"

"ఫుడ్ కోర్టులో..." అని మొదలుపెట్టి ఆపేశాను. తలుపు దగ్గర కార్డు గీకితేనే తెరుచుకుంటుంది. ఆ కార్డు ఉద్యోగులకే. వీళ్ళు కాంట్రాక్టు మనుషులు.

"మా అసొంటోళ్ళని లోపట తిననియ్యరు గద సారు. మొదలు కింద జనరేటర్ కాడ తింటుంటిమి. డీజిల్ వాసనకు అన్నం లోపటికి వోకపోయేది. గీమె," అని పక్కనున్న సన్నటి ఆవిడను చూపించింది, "కడుపుతోని ఉండె అప్పుడు. రోజు కక్కుడే. ఈ చెట్టు కిందికి వచ్చినంకనే జర పానాలు మంచిగైనయ్. ఇది పోతే మల్ల జనరేటర్ కాడికే."

"పోదు లెండి," అన్నాను. నాకు ఏం తెలుసని అన్నానో నాకే తెలియదు. పని నా చేతుల్లోనే ఉంది, ఉడుతకు మార్కులు వేస్తే సరిపోతుంది అనుకున్నాను. టెంప్లేట్ సంగతి అప్పటికి నాకు పూర్తిగా తెలియదు.

ఆ సాయంత్రం మియాపూర్ బస్సులో నిలబడి ఉంటే ప్రొద్దుటూరు నుంచి అమ్మ ఫోన్ చేసింది.

"ఏం పని చేస్తాండావు రా ఆఫీసులో?"

"ఉడుత పని."

"ఉడతలు లెక్కబెట్టేదానికా నిన్ను ఇంజనీరింగు సదివించింది?"

"లెక్కపెట్టడం కాదమ్మా, పోల్చడం."

"దేంతో?"

"పాచితో."

 బస్సు కొండాపూర్ దాటాక అమ్మ అంది: "రెండు దినాలు సెలవు పెట్టి ఇంటికి రా నాయనా."

మర్నాడు షీట్ నింపడానికి కూర్చున్నాను. రెండో గడి: స్థాపించిన సంవత్సరం. రెండూ కోట్ల ఏళ్ళ నాటివి. గడి నాలుగంకెలకు మించి ఒప్పుకోలేదు. రెండిటికీ 1900 అని రాశాను. ఇద్దరికీ సమాన అన్యాయం.

లభ్యత: వారానికి ఎన్ని గంటలు అందుబాటులో ఉంటారు? ఉడుత పొద్దున లేచి పొద్దుగూకితే పడుకుంటుంది. మధ్యలో కూడా మనం దగ్గరికెళ్తే చెట్టు అవతలి వైపుకు మారిపోతుంది. మా టెస్టింగ్ టీమ్ లాగా. నాచు ఎక్కడికీ పోదు. అర్ధరాత్రి వెళ్ళినా గోడ మీదే ఉంటుంది. ఇరవై నాలుగ్గంటలు, ఏడు రోజులు. పూర్తి మార్కులు.

స్పందన సమయం: ఉడుత స్పందిస్తుంది, కానీ పారిపోయి స్పందిస్తుంది. తోక ఎగరేసుకుంటూ కీచుకీచుమని అరవడాన్ని సాంకేతిక సహాయంగా లెక్కించడం కుదరదు. నాచు మీద నీళ్ళు చల్లితే వెంటనే తాగుతుంది. దానికి వేళ్ళు లేవు, గోడను పట్టుకోవడానికి నూలుపోగుల్లాంటివి ఉంటాయంతే. నీటిని ఆకులతోనే పీల్చుకుంటుంది. అంటే మధ్యవర్తులు లేరు. నాచుకు మార్కులు.

నిర్వహణ భారం: నాచుకు పూలు లేవు, కాయలు లేవు, విత్తనాలు లేవు, రాలే ఆకులు లేవు, ఊడ్చే పని లేదు. ఉడుత గూటికి అడ్మిన్ వాళ్ళ కుర్చీ దిండ్లలో దూది పోయిన సంగతి అందరికీ తెలుసు. నాచుకే.

విస్తరణ సామర్థ్యం: ఒక్క ఏసీ గొట్టం ఇస్తే నాచు గోడంతా పాకింది. ఉడుతలకు ఎన్ని ఏసీలిచ్చినా అవి వాటి ఇష్టం.

ఇక్కడిదాకా నేను సరదాగానే రాస్తున్నాను. ఉడుత వెనకబడుతున్న కొద్దీ నవ్వొస్తోంది. ఎందుకంటే చివరి ముఖ్యమైన వరుస ఒకటి ఉంది: ప్రస్తుత వినియోగదారులు. అక్కడ ఆ ఆరుగురు ఆడవాళ్ళను రాస్తే లెక్క మొత్తం తిరగబడుతుంది. అన్ని వరుసల్లోకీ దానికే ఎక్కువ బరువు.

ఆరు అని రాశాను. గడి ఎర్రబడింది. వినియోగదారుల ఉద్యోగి నంబర్లు ఇవ్వమంది. వాళ్ళకు నంబర్లు లేవు. కాంట్రాక్టరు పుస్తకంలో పేర్లున్నాయి, అంతే. గడి ఖాళీగా వదిలితే షీట్ సేవ్ కాలేదు. నంబర్లు లేకపోతే సున్నా వేయమంది. సున్నా వేశాను. నాచు వైపు అదే గడి నా నంబర్ తనంతట తనే నింపేసుకుంది, ఫోటోలు అప్‌లోడ్ చేసింది నేనే కాబట్టి. అంటే ఆ చెట్టును రోజూ వాడుకునే ఆరుగురు మనుషులు సున్నా, గోడకు ముఖం ఆనించిన నేను ఒకటి.

ఇది సరికాదు, లీడ్‌తో మాట్లాడి వేరే నోట్ రాద్దాం అనుకున్నాను. ముందు ఈ చెత్తను సేవ్ చేసుకుందామంటే కింద స్థితి అనే గడిలో "పూర్తయింది" ఎంచుకుంటే తప్ప సేవ్ కానంది. ఎంచుకున్నాను. నాచుకు డెబ్బై ఎనిమిది, ఉడుతకు నలభై ఒకటి. టీ తాగడానికి వెళ్ళాను.

టీ తాగి వచ్చేసరికి నాలుగు మెయిళ్ళు ఉన్నాయి. పూర్తయింది అని పెడితే ఆమోదించాల్సిన వాళ్ళందరికీ షీట్ దానంతటదే వెళ్ళిపోతుందట. లీడ్ "చాలా ఆబ్జెక్టివ్‌గా ఉందండి" అని ఆమోదించింది. అడ్మిన్ హెడ్ బొటనవేలి బొమ్మ పెట్టి ఆమోదించాడు. మూడో ఆయన ఎవరో నాకు తెలియదు, ఆయన బెంగళూరు నుంచి ఆమోదించాడు. నాలుగోది నాకు వచ్చిన ప్రశంస: ఈ వారపు ఉత్తమ బెంచి ఉద్యోగి.

నేను జోక్ వేసిన చోట జనం నవ్వకపోవడం నాకు అలవాటే. సంతకాలు పెట్టడం మాత్రం అదే మొదటిసారి.

లీడ్ దగ్గరికి పరుగెత్తాను.

"అది తమాషాకు నింపానండి. ఇంకా అయిపోలేదు."

"పూర్తయింది అని పెట్టారు కదండి."

"పెట్టకపోతే సేవ్ కావట్లేదు."

"మార్చాలంటే చేంజ్ రిక్వెస్ట్ వేయాలండి. కారణం కావాలి."

"తమాషాకు నింపాననే కారణం."

ఆవిడ నిజంగానే ఆ డ్రాప్‌డౌన్ తెరిచి, కళ్ళజోడు సవరించుకుని, పైనుంచి కిందికి చదివింది. "ఆ ఆప్షన్ లేదండి," అంది, మనస్ఫూర్తిగా బాధపడుతూ. ఆవిడ మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీలు లేకుండా చేయడం ఆవిడ ప్రత్యేకత.

అడ్మిన్ హెడ్ ముందు చాయ్ తెప్పించాడు. అక్కడే తెలిసింది విషయం అయిపోయిందని.

"తమ్మీ, జర సమజ్ చేస్కో. మూడు అప్రూవల్స్ అయినయ్. వచ్చే బుధవారం తనిఖీ, ఆ మీది శనివారం చెట్టు కొడ్తరు. ఆల్రెడీ రంగు గూడ వేసిన్రు."

"అక్కడ ఆరుగురు అన్నం తింటున్నారు సార్."

"తెల్సు. నేనేమన్న తినొద్దంటున్ననా? కింద జాగ ఉన్నది గద."

"జనరేటర్ పక్కనా?"

ఆయన కప్పులోకి చూశాడు. చెడ్డవాడు కాదని చెప్పాను కదా. కాసేపటికి గొంతు తగ్గించి అన్నాడు: "సూడు, షీట్ నేను మార్చలేను. కానీ షీట్లనే ఒక లైన్ ఉన్నది, సదివినవా? ఒకటో వెండర్ సర్వీస్ బంద్ అయితే రెండో వెండర్‌కి పోవాలె. గంతే. గా పాకురు నడిచినన్ని దినాలు నేనేం చేయలేను."

కిందికి దిగి చూశాను. కానుగ మొదలు చుట్టూ ఎర్ర పట్టీ. దాని కింద ఆరు డబ్బాలు. తోటావిడ ఆ రంగును గోరుతో గీకి చూస్తోంది.

చెప్పక తప్పలేదు. షీట్ గురించి, సున్నా గురించి, నేను నవ్వుకుంటూ నింపిన సంగతి గురించి కూడా చెప్పాను. ఇలాంటి చోట మనుషులు ఏడుస్తారనో తిడతారనో సిద్ధపడి వెళ్ళాను. ఆవిడ పచ్చిమిరపకాయ కొరుకుతూ విన్నది.

"అంటే నువ్వే రాసినవా?"

"నేనే రాశాను."

"మంచిగనే రాసినవ్ బిడ్డా. సదువుకున్నోనివి." మిగతావాళ్ళ వైపు తిరిగింది. "సార్ మనకు సున్న వేసిండటనే. పరీచ్చలు రాయకుండనే ఫెయిల్ అయినం."

ఈసారి కూడా వాళ్ళు నవ్వారు. కడుపుతో ఉన్నప్పుడు జనరేటర్ దగ్గర తిన్న ఆవిడ మాత్రం నవ్వలేదు. డబ్బా మూత పెట్టేసి లేచి వెళ్ళిపోయింది. ఆ మూత చప్పుడు నాకు ఇప్పటికీ నచ్చదు.

"గా పాకురు ఎప్పటికి పచ్చగనే ఉంటదని రాసినవా?" అని తోటావిడ అడిగింది.

"ఇరవై నాలుగ్గంటలూ అని రాశాను."

"ఎవలు జెప్పిన్రు?"

"చూస్తే తెలుస్తోంది కదా."

"నీళ్ళు లేకుంటే?"

"లేకపోతే చచ్చిపోతుంది."

ఆవిడ గొట్టం వైపు చూసింది, నా వైపు చూసింది. గిన్నె కడుక్కోవడానికి వెళ్ళింది.

అది గురువారం. శుక్రవారం పొద్దున సందులోకి వెళ్తే ఏసీ గొట్టం కింద ఒక నీలం బకెట్ ఉంది. చుక్కలు బకెట్‌లో పడుతున్నాయి. బకెట్ నిండగానే తోటావిడ తీసుకెళ్ళి రిసెప్షన్‌లో ఉన్న కుండీలకు పోసి, ఖాళీ బకెట్ మళ్ళీ అక్కడే పెడుతోంది. ఆ కుండీలలో సగం ప్లాస్టిక్ మొక్కలు. వాటికీ పోసింది, పక్షపాతం లేకుండా.

"ఈ బకెట్ ఏందమ్మా?"

"లిఫ్టు కాడ పోస్టర్ వెట్టిన్రు గద సారు. నీళ్ళు వేస్ట్ చెయ్యొద్దని. ఒక్కొక్క బొట్టు జమ చెయ్యాల్నట."

ఆ పోస్టర్ పెట్టించింది అడ్మిన్ హెడ్. అందులో బొట్టుకు కళ్ళూ చేతులూ కూడా గీయించాడు. బకెట్ తీసేయమని అడిగే ధైర్యం ఈ భవనంలో ఎవరికీ లేదు.

శనివారానికి గోడ మీద పచ్చదనం వెలిసింది. ఆదివారం ఆఫీసు లేదు కాబట్టి ఎండ ఒక్కటే పనిచేసింది. సోమవారం నేను చేత్తో తాకితే నాచు మెత్తగా లేదు. చిన్నచిన్న ఆకులు లోపలికి చుట్టుకుని, నల్లగా, పాత షేవింగ్ బ్రష్‌లా గరగరలాడింది. నాకు కాస్త బాధగానే అనిపించింది. పాపం అది నన్ను ఏమీ అనలేదు. దానికి అన్ని మార్కులు వేసినవాణ్ణి నేనే, అది చావడానికి కారణమూ నేనే. కానీ బకెట్ వైపు ఒక్కసారి కూడా వంగలేదు.

బుధవారం తనిఖీవాళ్ళు ఇద్దరు వచ్చారు. ఒకాయన టోపీ, ఒకావిడ నోట్‌బుక్. అడ్మిన్ హెడ్ ముందు నడుస్తూ, మా ప్రాంగణంలో ప్రకృతి పచ్చటి దుప్పటి కప్పుకుని ఎలా నిద్రపోతుందో వర్ణిస్తూ సందు మలుపు తిరిగి, ఆగిపోయాడు. నేను ముందే వెళ్ళి చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

"గిదేంది," అన్నాడు మెల్లగా. "సచ్చిపోయిందా?"

టోపీ ఆయన గోడను వేలితో గీకాడు. నల్లటి పొడి రాలింది. లీడ్ టాబ్లెట్ తీసింది.

"లభ్యత ఫెయిల్ అయినట్టేనండి. ఇరవై నాలుగ్గంటలు కమిట్ అయ్యారు వీరు," అంది నాచును చూస్తూ. ఆ చూపులో వ్యక్తిగతమైన నిరాశ ఉంది. "అయితే రెండో వెండర్‌కు వెళ్ళాలండి. టెంప్లేట్‌లోనే ఉంది."

"ఆయన... అంటే అది, ఎక్కడ?" అని నోట్‌బుక్ ఆవిడ అడిగింది.

అందరం చెట్టు పైకి చూశాం. ఉడుత లేదు. ఐదు నిమిషాలు మెడలు ఎత్తుకుని నిలబడ్డాం. నా జీవితంలో ఒక ఉడుత కోసం అంత పరేషాన్ కావడం అదే మొదలు, అదే ఆఖరు కావాలి. అప్పుడు తోటావిడ వచ్చి, అధికారులెవరూ అక్కడ లేనట్టే, చెట్టు కింద చతికిలబడి డబ్బా మూత తీసింది. మిగతా ఐదుగురూ వచ్చి కూర్చున్నారు. నాలుగు మెతుకులు పక్కన పడ్డాయి. ఉడుత మొదలు వెంట తలకిందులుగా దిగి, రెండు చేతులతో మెతుకు పట్టుకుని, తోక ఎత్తి నిలబడింది. నోట్‌బుక్ ఆవిడ పన్నెండు ఫోటోలు తీసింది.

చెట్టు నిలిచింది. ఫారంలో ఉడుత పేరు ఎక్కింది. టోపీ ఆయన వెళ్ళేముందు నన్ను పక్కకు పిలిచి, ఇంత మంచి జీవి ఉండగా ముందు నాచును ఎందుకు ఎంచుకున్నారని అడిగాడు. ప్రాసెస్ అన్నాను. ఆయన అర్థమైనట్టు తలూపాడు. వాళ్ళకూ ఒక ప్రాసెస్ ఉండి ఉంటుంది.

శనివారం చెట్టు బదులు గోడ పడింది. లారీ రాళ్ళను ఎత్తుకుపోతుంటే తోటావిడ డ్రైవరుతో ఏదో మాట్లాడి ఆరు రాళ్ళు కానుగ కిందికి దొర్లించుకుంది. కూర్చోవడానికట. వాటి మీద ఆ నల్లటి పెంకు ఇంకా అంటుకునే ఉంది.

"చంపేశాం కదమ్మా దాన్ని," అన్నాను.

"ఏం సచ్చింది? గది సచ్చేది గాదు సారు. మా చేదబాయి గోడకు చిన్నప్పటిసంది సూస్తలేనా? ఎండకాలం గిట్లనే నల్లగైతది. అందరు పోయిందనుకుంటరు. వాన పడ్డంక సూడు."

నేను నమ్మలేదు. బాధపడుతున్న చదువుకున్నవాణ్ణి ఓదార్చడానికి చెబుతోంది అనుకున్నాను.

కథ అక్కడితో ముగిస్తే మర్యాదగా ఉండేది. కానీ మాది ఆఫీసు. మరుసటి వారం చెట్టు పక్కన ఒక బోర్డు వెలిసింది. పచ్చ రంగు, మధ్యలో ఉడుత బొమ్మ. ఉడుత సంరక్షణ స్థలం అని పెద్ద అక్షరాలు. కింద: ఉద్యోగులు ఇక్కడ ఆహారం తినరాదు.

అది చదివి నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. గోడ కూడా లేదు. ఇంత చేసింది ఎందుకు? అడ్మిన్ హెడ్‌ను అడుగుదామని కదులుతుంటే ఆరుగురూ డబ్బాలతో వచ్చారు. బోర్డు ముందు ఆగారు.

"ఏం రాసిన్రు సారు?"

చదివి వినిపించాను. ఎవరి ముఖంలోకీ చూడకుండా చదివాను.

"ఉద్యోగులంటే ఎవలు?"

"కంపెనీ నంబర్ ఉన్నవాళ్ళు."

"మాకు లేదు గద."

"లేదు."

"నువ్వే గద సున్న వేసినవ్."

"నేనే వేశాను."

"అయితే మాకు గాదు," అని తోటావిడ రాయి మీద కూర్చుని డబ్బా విప్పింది. మిగతావాళ్ళూ కూర్చున్నారు. సన్నటి ఆవిడ నా వైపు చూసి, ఆ రోజు తర్వాత మొదటిసారి నాతో మాట్లాడింది: "మీరు మాత్రం ఈడ తినొద్దు సారు. మీకు నంబర్ ఉన్నది."

ఆ మధ్యాహ్నం సెక్యూరిటీ అతను వచ్చి బోర్డు చదివాడు, వాళ్ళను చూశాడు, కార్డుల కోసం మెడలు చూశాడు. ఎవరి మెడలోనూ కార్డు లేదు. నియమం ఎవరూ తప్పలేదు. వెళ్ళిపోయాడు. ఆ బోర్డు ఇప్పటికీ ఉంది, వాళ్ళు ఇప్పటికీ అక్కడే తింటున్నారు. దీన్ని నేను గెలుపు అనను. లోపలి తలుపు ఇంకా కార్డుకే తెరుచుకుంటుంది.

జూన్ రెండో వారంలో మొదటి వాన పడింది. గచ్చిబౌలి అంతా నీళ్ళు నిలిచి షటిల్ రాలేదు. అంత వెడల్పు చేసిన సందులో తిరగడానికి బస్సే లేదు. వాన వెలిశాక చెట్టు కిందికి వెళ్ళి ఒక రాయి మీద కూర్చుని, మియాపూర్‌కు ఎలా పోవాలా అని ఫోన్‌లో వెతుకుతున్నాను. కాసేపటికి పక్క రాయి మీద కన్ను పడింది. పొద్దున నల్లటి పెంకు ఉన్న చోట ఆకులు విప్పుకుని పచ్చగా లేచి ఉన్నాయి. వేలితో నొక్కితే మెత్తగా దిగి, మళ్ళీ పైకి లేచింది. ఉడుత ఆ రాయి మీద దూకి, తడిగా ఉందని పాదం దులుపుకుని పోయింది.

షీట్ తెరిచాను. ఒకటో వెండర్ వరుస బూడిద రంగులో ఉంది. సేవలు శాశ్వతంగా నిలిచిపోయాయి అని లీడ్ రాసి మూసేసింది. మూసిన వరుసను తెరవాలంటే మూడు ఆమోదాలు కావాలి, ఒకటి బెంగళూరు నుంచి. ఫోన్ జేబులో పెట్టేసుకున్నాను.

తోటావిడ చీపురుతో అటుగా వచ్చింది. రాళ్ళను చూసింది. చెప్పలేదా అన్నట్టు కూడా చూడలేదు, అంత చిన్న విషయం ఆవిడకు అది.

"లెవ్వు సారు," అంది. "ప్యాంటు పచ్చగైతది."